ఎండాకాలం వానకి ఇల్లు ఖాళీ చెయ్యాలా?

అమలాపురానికి దగ్గర్లోని ఒక పల్లె నుంచి ఒక ఇల్లాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. ఆవిడకి ముప్ఫై రెండేళ్ళు. భర్త మస్కట్‌లో పనిచేస్తున్నారు, ఇంకో రెండేళ్ళ దాకా రారు. ఇంట్లో ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప, అత్తగారు, పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయిన మావగారు ఉంటారు. ఇల్లు పాతకాలపు పెంకుటిల్లు. వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లంలో పడిపోయింది. ఇప్పుడు వీధిలోంచి వాకిట్లోకి రెండు మెట్లు దిగాలి.

ఆవిడ అమలాపురంలో ఒక మందుల షాపులో పనిచేస్తారు. రాత్రి ఎనిమిది దాటాక స్కూటీ మీద కాలవగట్టు రోడ్డున ఇంటికి వస్తారు. పోయిన మే నెలలో ఒకరోజు సాయంత్రం ఉరుములతో మొదలైన వాన ఊరి మీద నుంచి కదల్లేదు. తుపాను లేదు, గోదావరికి వరద లేదు, కాలవలకి నీళ్ళు కట్టేసి ఉన్నాయి. ఆవిడ మాటల్లోనే చెబుతాను: "రోడ్డేదో కాలవేదో తెలియలేదు. కొబ్బరిచెట్ల వరస చూసుకుంటూ వచ్చాను. ఇంటికి వచ్చేసరికి మావయ్యగారి మంచం కోళ్ళు మునిగి నవారు తడుస్తోంది. ఆయన కుడిచేత్తో కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నారు. అత్తయ్యగారు పాపని బియ్యం డ్రమ్ము మీద ఎక్కించారు. ఎదురింటి డాబా మీదకి వెళ్దామంటే మావయ్యగారు ఒప్పుకోలేదు. నలుగురూ మోసుకెళ్తుంటే వీధి వీధంతా చూస్తుంది, నేను రాను అన్నారు. తెల్లవార్లూ అలాగే ఉన్నాం."

ఏడాదిన్నర క్రితం మావగారి అన్నగారు తన వరిచేను తవ్వించి రొయ్యల చెరువు చేశారు. వీళ్ళ పెరట్లోంచి డ్రెయిన్‌కి పోయే బోదె అనే చిన్న కాలవ మీదుగా చెరువు గట్టు వేసి, కింద ఒక సన్న తూము పెట్టారు. అది చెత్తతో పూడిపోతోంది. అడుగుదామంటే, మస్కట్ వీసాకి డబ్బు సర్దింది ఆయనే, ఆ బాకీ ఇంకా తీరలేదు. భర్తకి ఫోన్లో చెబితే "ప్రతి వానకీ ఇల్లు మారతామా, కాలవలు ఖాళీగా ఉన్నాయి కదా, వాటిల్లోకి పోతాయిలే" అంటున్నారు. మావగారు "86 వరదకే కదల్లేదు, ఈ వానకి కదులుతానా" అంటున్నారు. ఉరుము వినబడితే పాప మంచం కిందకి దూరుతోంది. ఆవిడకీ నిద్ర పట్టడం లేదు. అసలు ఆ మబ్బు ఎందుకు కదల్లేదు? ఈ ఎండాకాలం రాకముందే టౌన్లో అద్దెకి వెళ్ళిపోవాలా, పెదమావగారి మీద ఫిర్యాదు చెయ్యాలా, లేక అందరూ అంటున్నట్టు తనదే అనవసరపు టెన్షనా? ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా,

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. మీది అనవసరపు టెన్షన్ కాదు. మీ ఇంట్లో ఆ వానని సరిగ్గా అంచనా వేసింది మీరొక్కరే. మిగతావాళ్ళు తమకి తెలిసిన కొలతతో కొలుస్తున్నారు. ఈ వాన ఆ కొలతకి అందదు.

మన పెద్దవాళ్ళకి నీటి గండం అంటే గోదావరి వరద, లేకపోతే తుపాను. రెండూ చెప్పి వచ్చేవే. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ఆ నీళ్ళు ధవళేశ్వరం దిగి అక్కడ 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మళ్ళీ మొదటి ప్రమాద హెచ్చరిక వస్తుంది. ఈలోగా లంకల్లో వాళ్ళకి గొడ్డూ గోదా తోలుకుని, సామాను సర్దుకునే వ్యవధి ఉంటుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71 దాటింది. మీ మావగారు చెప్పేది ఆ లెక్క. అంతటి వరదకి తన ఇంట్లోకి నీళ్ళు రాలేదన్న మాట ఆయనకి జీవితాంతం ఉన్న ధైర్యం. దాన్ని కాదనకండి. అయితే అప్పుడు మీ ఇంటిని కాపాడింది ఏటిగట్టు. మే నెల వాన గట్టు అవతల నుంచి రాదు, నెత్తి మీద పడుతుంది. అప్పటికి గోదావరిలో ఇసుక తిన్నెలు తేలి ఉంటాయి, మీ వీధిలో మోకాలిలోతు నీళ్ళుంటాయి.

ఆ మబ్బు ఎందుకు కదల్లేదని అడిగారు. ఎండాకాలం మధ్యాహ్నానికి నేల కాగిపోతుంది. బంగాళాఖాతం నుంచి తేమగాలి లోపలికి వచ్చి, పడమటి నుంచి వీచే పొడిగాలికి ఎదురుపడుతుంది. ఆ వేడికి గాలి పైకి లేచి పది కిలోమీటర్లకి పైగా ఎత్తున మబ్బు కడుతుంది. పైన గాలి జోరుగా ఉంటే మబ్బుని తోసుకుపోతుంది, ఊరికో అరగంట వాన పడి వెలిసిపోతుంది. పైన గాలి లేకపోతే మబ్బు లేచిన చోటే కురుస్తుంది. ఒక్కో మబ్బు ఆయుష్షు గంటకి అటూ ఇటూ. కానీ వానతోపాటు కిందకి దిగిన చల్లగాలి పక్కకి తోసుకెళ్ళి అక్కడి వేడిగాలిని పైకి లేపుతుంది, ఇంకో మబ్బు పుడుతుంది. అలా ఒకదాని వెనక ఒకటి ఒకే ఊరి మీద లేస్తే మూడు నాలుగు గంటలు కుండపోతే. పక్క మండలంలో దుమ్ము కూడా అణగదు. మచిలీపట్నం, విశాఖ రాడార్లకి ఆ మబ్బు కనబడుతుంది. కానీ ఏ ఊరి మీద నిలబడుతుందో ముందురోజే చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే వాతావరణ శాఖ రానున్న మూడు గంటలకని విడిగా సూచనలు ఇస్తుంది. మీకు పనికొచ్చేవి అవే.

24 గంటల్లో ఆరున్నర సెంటీమీటర్లు పడితే భారీ వాన అంటారు, పదకొండున్నర దాటితే అతిభారీ అంటారు. ఆ లెక్క రోజు మొత్తానికి. పది సెంటీమీటర్ల వానంటే ఎకరానికి నాలుగు లక్షల లీటర్ల నీళ్ళు. రోజంతా మెల్లగా పడితే డ్రెయిన్ ఎంతో కొంత లాగుతుంది. ఒక్క సాయంత్రంలో పడితే లాగలేదు. మన డ్రెయిన్లు వరిచేల కోసం తవ్వినవి, చేను రెండు రోజులు నీళ్ళలో ఉన్నా ఓర్చుకుంటుంది. ఇల్లు ఓర్చుకోదు. పైగా అందులో గుర్రపు డెక్క అనే నీటి కలుపు అల్లుకుని ఉంటుంది. పైగా సముద్రం పోటు మీద ఉన్న వేళ అయితే డ్రెయిన్ నీళ్ళు దిగవు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో మబ్బు పడితే మీరు మరింత ముందుగా కదలాలి.

మీ వారి మాటకి కూడా ఇక్కడే జవాబుంది. పంట కాలవ మెరక మీద నడుస్తుంది, చేలకి నీళ్ళు దిగాలి కాబట్టి. మురుగు కాలవ పల్లంలో ఉంటుంది. పల్లంలో ఉన్న మీ ఇంటి నీళ్ళు మెరక మీది కాలవలోకి ఎక్కవు, అది ఎంత ఖాళీగా ఉన్నా సరే. మీ పెరటి నీటికి దారి ఆ బోదె ఒక్కటే. ఆ సంగతి ఆయనకి ఇలాగే చెప్పండి. డెల్టాలో పుట్టినవాడు, వెంటనే అర్థమవుతుంది.

ఇక మీ మావగారు. ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు తోచింది చెబుతాను. ఆయనకి వాన అంటే లెక్కలేక కాదు రానన్నది. అర్ధరాత్రి, తడిసిన బట్టలతో, వీధిలో అందరూ లాంతర్లూ సెల్‌ఫోన్ లైట్లూ పట్టుకుని చూస్తుండగా మోయించుకోవడం ఆయన భరించలేరు. పక్షవాతం వచ్చిన మనిషి రోజూ ఎన్నిటికో ఎవరో ఒకరి మీద ఆధారపడుతుంటారు. మిగిలిన కాస్త మర్యాదా వీధిలో పోగొట్టుకోవడం ఇష్టంలేదు. దాన్ని మొండితనం అనుకుని వాదిస్తే ఆయన గెలుస్తారు, అందరూ నీళ్ళలో కూర్చుంటారు. కాబట్టి ప్రశ్న మార్చండి. "నీళ్ళొస్తే వస్తారా?" అని అడగొద్దు. నీళ్ళు రాకముందే, పగటి వెలుతురుండగా, పొడి బట్టలతో, కుర్చీలో కూర్చుని ఎదురింటికి వెళ్ళడం ఎలాగో మాట్లాడండి. అక్కడ కాఫీ తాగి, టీవీ చూసి, వాన వెలిస్తే తిరిగి రావచ్చు. పది సాయంత్రాల్లో తొమ్మిది సాయంత్రాలు వాన తేలిపోయి ఊరికే వెళ్ళినట్టవుతుంది. ఆ తొమ్మిదిసార్లూ ఆయన విసుక్కుంటారు. మీరు పడాలి. పదోసారికి అలవాటైపోయి ఉంటుంది.

ఎప్పుడు బయల్దేరాలో ఆయన్నే నిర్ణయించమనండి. మీ పెరట్లో బోదె పక్కన ఒక రాట పాతించి, పోయినసారి నీళ్ళు ఎక్కడినుంచి ఎలా ఎక్కాయో గుర్తుచేసి, ఏ మట్టానికి వస్తే ఇల్లు వదలాలో ఆయన చేత ఎర్ర రంగు గీత పెట్టించండి. ఊరి నీళ్ళ పోకడ మీకంటే ఆయనకి బాగా తెలుసు. గీత గడపకంటే బాగా కింద ఉండాలి, ఆ ఒక్క విషయంలో మాత్రం మీరు రాజీపడొద్దు. గీత దాటాక చర్చ ఉండదు, ఆయన మాటే ఆయనకి గుర్తుచేస్తారు. కుర్చీ పట్టడానికి ఇద్దరు మగవాళ్ళు కావాలి. ఎవరో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, ఆ ఇద్దరిలో ఒకరు ఊళ్ళో లేకపోతే మూడో మనిషి ఎవరో కూడా. దీనికయ్యే ఖర్చేమీ లేదు. మీరు ఏ దారి ఎంచుకున్నా, టౌన్‌కి వెళ్ళాలనుకున్నా సరే, ఈ పని మాత్రం ముందు చెయ్యండి. ఇల్లు మారేలోగా కూడా వానలు పడతాయి కదా.

ఇంట్లోకి నీళ్ళు వచ్చే సూచన ఉంటే మెయిన్ ఆపేసి వెళ్ళాలి. నీళ్ళలో నిలబడి ఎవరూ స్విచ్ ముట్టుకోకూడదు. అత్తగారికి మెయిన్ ఎక్కడుందో, ఎలా దించాలో పగలు చూపించండి. కింద ఉన్న ప్లగ్గులు ఎలక్ట్రీషియన్ చేత ఛాతీ ఎత్తుకి మార్పిస్తే ఇంకా మంచిది. మీ వీధిలో తీగ తెగి పడితే 1912కి ఫోన్ చెయ్యాలి, దగ్గరికి వెళ్ళకూడదు. మావగారి మందులు, ఆధార్, బ్యాంకు పుస్తకాలు ఒక మూతబిగువు డబ్బాలో పెట్టి అటక మీద ఉంచండి.

పెదమావగారి విషయం ఎక్కువ చిక్కుగా ఉంది, ఎందుకంటే అందులో అప్పు కలిసింది. ఆ రెంటినీ మీ మనసులో విడదీసుకోండి. వీసాకి డబ్బు సర్దినందుకు ఆయనకి మీరు అసలూ వడ్డీ బాకీ, కృతజ్ఞత కూడా బాకీ. పెరటి నీళ్ళకి దారి బాకీ లేరు. అలాగని మొదటి మాటే ఫిర్యాదు కానక్కర్లేదు. ఆయన రొయ్యల రైతు. అదే వాన ఆయన చెరువు మీద కూడా పడుతుంది. మంచినీళ్ళు పైన తేలి ఉప్పదనం ఒక్కసారిగా పడిపోతుంది, కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి రొయ్య తేలుతుంది. అవతల మీ వీధి నీళ్ళన్నీ ఆయన గట్టుకి ఆనుకుని నిలబడితే గట్టు నాని గండి పడుతుంది, పెట్టుబడి అంతా డ్రెయిన్లోకి పోతుంది. పోయిన మేలో ఆయన ఆ రాత్రి గట్టు మీదే గడిపి ఉంటారని నా ఊహ. కాబట్టి "మా ఇల్లు మునుగుతోంది" అనే మాట కన్నా "మన గట్టు నిలబడాలంటే బోదె పెద్దది కావాలి కదండీ" అనే మాట ఆయనకి త్వరగా ఎక్కుతుంది. అడిగేది కూడా స్పష్టంగా అడగండి. గట్టు వెంబడి బయట నుంచి బోదె తవ్వడమా, లేక సన్న తూము తీయించి పెద్ద సిమెంటు తూములు వేయించి, చెత్త ఆగడానికి ముందు జల్లెడ పెట్టించడమా. ఖర్చులో మీ వంతు ఎంతో మీరే ముందు చెప్పండి. మాట్లాడేది మీరు కాకుండా మీ అత్తగారైతే బాగుంటుందా, మీ వారు మస్కట్ నుంచి ఫోన్ చేస్తే బాగుంటుందా అన్నది మీకే తెలుస్తుంది. నాకైతే మీ వారు చెయ్యడమే సబబనిపిస్తుంది. అప్పు తీసుకున్నది ఆయన, వరసకి కొడుకు. కోడలు అడిగితే అది గొడవ అవుతుంది, కొడుకు అడిగితే ఇంటి విషయం అవుతుంది.

ఆయన కాదంటే? అప్పుడు గ్రామ సచివాలయంలో సర్వేయర్ని కలిసి, ఆ బోదె పటంలో ఉందా, పోరంబోకు అంటే ప్రభుత్వ భూమిలోదా, పట్టా భూమిలోదా చూడమనండి. పోరంబోకు అయితే పంచాయతీ, తహసీల్దారు తేల్చాల్సిన పని, మీది ఒంటరి గొడవ కాదు. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. డ్రెయిన్లో గుర్రపు డెక్క తీయమని కూడా అదే అర్జీలో రాయండి. కాలవలు కట్టేసిన రోజుల్లోనే ఆ పనులు చేస్తారు. ఒక్క ఇంటి సంతకం కన్నా వీధి మొత్తం సంతకాలు పెడితే పెదమావగారికి కూడా అది మీ పగలా కనబడదు. పట్టా భూమిలో బోదె అయితే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఉంది. ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఆపకుండా మీ నీళ్ళు ఆ దారిన పోతుంటే దాని మీద హక్కు అడగవచ్చు. కానీ అడ్డుపెట్టాక ఊరుకుని కాలం గడిపిన కొద్దీ ఆ హక్కు బలహీనపడుతుంది, చట్టంలో గడువులు ఏడాది, రెండేళ్ళ లెక్కలో ఉన్నాయి. మీకు ఇప్పటికే ఏడాదిన్నర అయింది. కేసు వెయ్యకపోయినా ఒకసారి వకీలుకి కాగితాలు చూపించండి. కేసు వేస్తే ఏళ్ళు పడుతుంది, రాకపోకలు తెగుతాయి, బాకీ మొత్తం ఒక్కసారి కట్టమనే అవకాశం కూడా ఉంది. అవన్నీ తెలిసి వెళ్ళడం వేరు, కోపంలో వెళ్ళడం వేరు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా భయం వేసిన వాక్యం కొబ్బరిచెట్ల వరస గురించి రాసింది. దాన్ని మీరు ఒక్క ముక్కలో దాటేశారు. నీళ్ళు నిండిన కాలవగట్టు రోడ్డు మన ప్రాంతంలో రాత్రిపూట అన్నిటికంటే పెద్ద ప్రమాదం. పారే నీళ్ళు పదిహేను సెంటీమీటర్లున్నా పెద్దమనిషిని పడేస్తాయి, ముప్ఫై ఉంటే చిన్న కారుని తేలుస్తాయి, అరవైకి చాలా బండ్లు కొట్టుకుపోతాయి. స్కూటీ ఏపాటిది? రోడ్డంచు కోసుకుపోయి ఉన్నా పైనుంచి తెలియదు. అలాంటి రాత్రి మీరు టౌన్లోనే ఉండిపోవాలి. షాపు యజమానితో ఇప్పుడే మాట్లాడి, మబ్బు పట్టిన రోజు ముందుగా బయల్దేరేలా, లేదా తోటి ఉద్యోగి ఇంట్లో పడుకునేలా ఏర్పాటు చేసుకోండి. ఆ నిర్ణయం ఎంత కష్టమో నాకు తెలుసు. పాప అక్కడ, మీరిక్కడ. అందుకే రాట మీద గీత, ఎదురింటి డాబా, కుర్చీ పట్టే ఇద్దరు మనుషులు మీరు లేకపోయినా పనిచెయ్యాలి. మీరుంటేనే నడిచే ఏర్పాటైతే, ఆ ఏర్పాటే మిమ్మల్ని మళ్ళీ ఆ గట్టు మీదకి తీసుకొస్తుంది.

ఫోన్లో దామిని యాప్ పెట్టుకోండి, చుట్టుపక్కల పడే పిడుగుల గురించి చెబుతుంది. విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి వచ్చే మెసేజీలు చదవకుండా తీసెయ్యొద్దు. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే కదలమని. ఎల్లో ఎండాకాలంలో తరచుగా వస్తుంది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు, ఆకాశం మీద కన్నేసి ఉంచండి. సాయం కావలసివస్తే 112, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070. ఉరుము వినబడిందంటే పిడుగు దగ్గర్లో పడే అవకాశం ఉన్నట్టే, కొబ్బరిచెట్టు కింద మాత్రం ఆగకండి.

అద్దెకి వెళ్ళడం గురించి. వెళ్తే మీ రాత్రి ప్రయాణం తప్పుతుంది, పాప బడి దగ్గరవుతుంది, నీళ్ళ భయం చాలావరకు పోతుంది. కానీ టౌన్లో కూడా పల్లపు వీధులున్నాయి, ఇల్లు చూసేటప్పుడు వానకి ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా అని పక్కింటివాళ్ళని అడగాలి. మేడ మీది వాటా తీసుకుంటే మావగారు ఎక్కలేరు, దిగలేరు. అద్దె మీ జీతంలోంచి పోతే బాకీ తీరడం ఆలస్యమవుతుంది. అన్నిటికన్నా, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడే మనిషికి ఆ నాలుగు గోడల్లో పొద్దు గడవదు. మధ్యేమార్గం ఒకటుంది. ఏప్రిల్ చివరి నుంచి రుతుపవనాలు స్థిరపడేదాకా, మొత్తం కుటుంబం కాకుండా, పాపని అమ్మమ్మగారింటికి పంపడం. సెలవులే కాబట్టి ఎవరూ తప్పుపట్టరు. గండం పూర్తిగా పోదుగానీ ఆ రాత్రి మీరు కాపాడాల్సిన మనుషుల్లో ఒకరు తగ్గుతారు. ఇల్లు మెరక చేయించడం అసలైన పరిష్కారం. మన జిల్లాల్లో జాకీలు పెట్టి ఇళ్ళు పైకి లేపుతున్నారు కూడా. పాత మట్టిగోడల పెంకుటింటికి అది కుదురుతుందో లేదో ఇంజనీరు చూసి చెప్పాలి, మీ వారు వచ్చాక తీసుకోవలసిన నిర్ణయం అది.

పాప మంచం కిందకి దూరుతోందన్నారు. తిట్టకండి, బయటికి లాగకండి. రాట మీద గీత పెట్టేటప్పుడు తననీ పక్కన కూర్చోబెట్టుకోండి. నీళ్ళు ఎక్కడికి వస్తే మనం ఏం చేస్తామో పిల్లలకి తెలిస్తే భయం కాస్త తగ్గుతుంది. మీ నిద్ర సంగతి కూడా చిన్నది కాదు. మబ్బు లేని రాత్రుల్లో కూడా మెలకువ వస్తోందంటే 14416కి ఫోన్ చెయ్యండి, టెలి మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ ఆదివారం మీ వారితో మాట్లాడేటప్పుడు ఆ రాత్రంతా మళ్ళీ వర్ణించొద్దు. ఆయన దూరంలో ఉన్నారు, ఏమీ చెయ్యలేనన్న బాధ చిరాకై బయటికి వస్తోంది. చెయ్యగలిగిన పని ఒకటి చెప్పండి: "మీ పెదనాన్నగారికి ఫోన్ చేసి తూము సంగతి మాట్లాడండి, ఖర్చులో మన వంతు ఇస్తామని చెప్పండి." పని మొదలైతే ఈ ఎండాకాలం ఆ ఇంట్లోనే, గీతని నమ్ముకుని ఉండవచ్చు. ఏప్రిల్ నెలాఖరుకి కూడా ఆ ఫోన్ వెళ్ళకపోతే, మీ స్థానంలో నేనైతే సచివాలయంలో అర్జీ ఇచ్చి, అదే వారంలో టౌన్లో కింది వాటా ఒకటి చూసుకుంటాను.